పది లక్షలవ బండి బయటికొచ్చిన ఏడాది

శ్రీమతికి,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ మేమంతా క్షేమం. మేమంతా అంటే నేనూ, మీ అత్తగారూ. నీ ఒంట్లో బాగుందని రాశావు కాబట్టి బాగుందనే అనుకుంటున్నాను. ఫోనుండగా ఈ ఉత్తరాలేంటని అమ్మ నవ్వుతోంది. ఫోనెత్తితే "తిన్నావా", "తిన్నాను" దగ్గరే అయిపోతోంది మనకి. కాగితమైతే కనీసం అడుగుదాకా నింపాలి కదా.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. అమ్మ మోకాలు పరవాలేదు. డాక్టరు మెట్లెక్కొద్దన్న సంగతి పై వాటా ఆవిడకి చెప్పడానికి మెట్లెక్కి వెళ్ళింది. వెనక గది గోడకి చెమ్మ దిగిన చోట నువ్వు రాసినట్టే గీకి, ఆరనిచ్చి, ప్రైమర్ వేశాను. రంగు వేయలేదు. ఏ రంగో నువ్వు రాయలేదు, నేనూ అడగలేదు.

మన కంపెనీ ఆ దేశంలో పెట్టిన మీ కొత్త ఫ్యాక్టరీ నుంచి మొదటి లారీ బయటికి రావడం చూశావా అని అడిగావు. చూశాను. ఇక్కడ లైను ఆపి, క్యాంటీన్‌లో పెద్ద తెర కట్టి అందరికీ చూపించారు. హెల్మెట్ పెట్టుకుని మూడో వరసలో ఉన్నావు. అక్కడ బళ్ళకి రంగులేసే పెయింట్ షాపు వాళ్ళకి పని నేర్పింది నువ్వే కదా, మా సూపర్‌వైజరు నా వీపు మీద చరిచి "మీ ఆవిడ వేయించిన రంగయ్యా అది, అద్దంలా ఉంది!" అన్నాడు. నీ చుట్టూ ఉన్నవాళ్ళు గంతులేస్తున్నారు. నువ్వు మాత్రం కదలకుండా నిలబడి చప్పట్లు కొడుతున్నావు. అప్పుడు నా చేతుల వంక చూసుకున్నాను. నేనూ అచ్చం అలాగే కొడుతున్నాను.

ఈ ఏడాది చప్పట్లకేం తక్కువ లేదులే. కంపెనీ పెట్టి యాభై ఏళ్ళయిందని ఒకసారి. బ్యాటరీతో నడిచే మొదటి లారీని కొన్నవాళ్ళకి అప్పగించినప్పుడు ఒకసారి. అది చప్పుడు లేకుండా కదలడంతో సగంమంది ఇంకా బయల్దేరలేదనుకుని, గేటు దాటాక కొట్టారు. తర్వాత మీది. ఆ తర్వాత పది లక్షలవ బండి.

దాన్ని లైను మీంచి దించింది నేనే. ఫోన్లో "ఏదో ఫంక్షన్ అయింది" అని ఊరుకున్నాను. కంపెనీ పత్రికలో నా ఫోటో చూసి తెలుసుకోవాల్సి వచ్చిందని నిష్ఠూరంగా రాశావు. న్యాయమే. కానీ చెప్పడానికి ఏముందని? రోజూ చేసేదే చేశాను. తాళం తిప్పాను, బ్రేకు తొక్కి చూశాను, లైట్లు, హారను చూసుకుని గేరు వేసి పసుపు గీత దాటించాను. దాని ముందు బండికీ దానికీ తేడా, దీనికి రిబ్బన్లు కట్టారు. పెద్ద పెద్దవాళ్ళంతా కొత్త హెల్మెట్లు పెట్టుకుని రెండువైపులా నిలబడ్డారు. ఫోటోలు తీసే అతను అద్దం దగ్గరికొచ్చి, "కొంచెం నవ్వండి సార్" అన్నాడు.

"నవ్వుతూనే ఉన్నా కదయ్యా."

"లేదు సార్."

ఆ ఫోటో ఇప్పుడు క్యాంటీన్ గోడ మీద ఉంది. దాని కిందే కూర్చుని తింటున్నాను. అందులో ఉన్నది ఎవరో కొత్త మనిషిలా ఉంటాడు.

బాధగా ఉందా అని అడుగుతావేమో. లేదు. సంతోషమూ లేదు. మత్తుమందు ఇచ్చాక తెలుస్తోందా అని డాక్టరు గిల్లి చూస్తాడే, అలా ఉంది. ఆకలేస్తే తింటున్నాను, పొద్దున్నే లేచి డ్యూటీకి పోతున్నాను.

ఇక అసలు సంగతి. ఇంతసేపూ డొంకతిరుగుడుగా తిరిగింది దీని దగ్గరికి రాలేకే.

పోయిన ఆదివారం ఫ్యాక్టరీలో ఫ్యామిలీ డే పెట్టారు. పది లక్షలు దాటాం కదా, ఇంటివాళ్ళని తీసుకొచ్చి లైను చూపించుకోమన్నారు. అమ్మ మోకాలి వంక పెట్టి రానంది. నేనూ మానేద్దామనుకున్నాను గానీ, బండి దించి చూపించడానికి నేనుండాలన్నారు. గేటు లోపల బల్ల వేసుకుని ఆఫీసు అమ్మాయి పిల్లలకి బహుమతులు ఇస్తోంది. కొత్తగా చేరిన పిల్ల, మన సంగతేమీ తెలియదు.

"పిల్లలెంతమంది సార్?" అంది.

లేరని చెప్పడానికే నోరు తెరిచాను. "ఒక పాప" అన్నాను.

"ఎన్నేళ్ళు?"

"పద్నాలుగు నెలలు."

లెక్క వేసుకోలేదు. నోట్లో సిద్ధంగా ఉంది. బతికి ఉంటే నిజంగా అంతే కదా.

"అయితే ఇనుప బొమ్మ వద్దు సార్, నోట్లో పెట్టేసుకుంటుంది" అంటూ బల్ల కింద వెతికి, గుడ్డతో కుట్టిన లారీ ఒకటి తీసింది. "నడుస్తోందా?"

"ఇప్పుడిప్పుడే. గోడ పట్టుకుని."

"అయితే ఇంక మేడమ్‌ని కూర్చోనివ్వదు!" అని నవ్వింది. నేనూ నవ్వాను. నిజంగానే నవ్వాను.

బండి దించాను, అందరూ చప్పట్లు కొట్టారు, బొమ్మ సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చాను. అమ్మ చూసి "ఎవరికిరా?" అంది. కల్పించి చెప్పే ఓపిక లేక జరిగింది చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. బొమ్మని చేతిలోకి తీసుకుని, చక్రాలు ఊడి వస్తాయేమోనని ఒక్కొక్కటీ లాగి చూసింది.

"దానికీ ఒకటి ఇచ్చారన్నమాట" అంది.

ఆసుపత్రి నుంచి ఖాళీ చేతులతో వచ్చిన రోజు రాని ఏడుపు, నువ్వు విమానం ఎక్కినప్పుడూ రాని ఏడుపు, అప్పుడొచ్చింది. వంటింటి గడప మీద కూర్చుండిపోయాను. అమ్మ ఊరుకోమనలేదు. "దాని తల్లికి చెప్పావా?" అంది. లేదన్నాను. "ఫోన్లో చెప్పకు. రాయి" అంది.

దాంతో అంతా తేలికైపోయిందని రాయను. మర్నాటికి మళ్ళీ మొద్దుబారిపోయాను. కానీ ఒకటి తెలిసింది. కంపెనీవాళ్ళు ఇంకా రెండేళ్ళు అక్కడే ఉండమంటున్నారు, ఏం చెయ్యమంటావని మూడు ఉత్తరాల్లో అడిగావు. మూడుసార్లూ "నీ ఇష్టం" అని రాశాను. అది నీ మీద గౌరవంతో రాసింది కాదు. నువ్వొచ్చి ఎదురుగా కూర్చుంటే ఏం మాట్లాడాలో తెలియక. ఇప్పటికీ తెలియదు. అయినా సరే, సంతకం పెట్టకు. వచ్చెయ్. రావాలని లేకపోతే అదీ రాయి, నేనే వస్తాను. సెలవు అడిగాను, ఇస్తానన్నారు.

పాప గురించి మనిద్దరం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఇక్కడ మొదలుపెడుతున్నాను. అక్కడ నీకూ రోజూ ఎవరో ఒకరు కొత్తవాళ్ళు తగులుతూనే ఉంటారు కదా. పిల్లలెంతమంది అని అడుగుతారు కదా. నువ్వేమని చెబుతున్నావు?

ఇట్లు,
పాప వాళ్ళ నాన్న