వంగిన మేకు చూస్తే నా చెయ్యి ఊరుకోదు

బువావన్‌కి,
నేనూ మీ తమ్ముడూ పుకెట్‌కి క్షేమంగా చేరాం. క్షేమంగా తిరిగి రావాలని అమ్మ కట్టిన తెల్లదారం ఇంకా నా మణికట్టుకే ఉంది, బెంగపడొద్దని చెప్పు.

నిన్న సాయంత్రం మీవాడు నన్నో బారుకు లాక్కెళ్ళాడు. అక్కడ ఒక ఆట ఉంది. రబ్బరుచెట్టు మొద్దు మీద చెరో మేకు నిలబెట్టి, సుత్తి సన్నంచుతో వంతుకో దెబ్బ వెయ్యాలి. ఎవరి మేకు ముందు పూర్తిగా దిగితే వాళ్ళది గెలుపు. గెలిచినవాళ్ళు చెప్పిన పని ఓడినవాళ్ళు చెయ్యాలి. "మా బావ ఇరవయ్యేళ్ళ వడ్రంగి!" అని మీవాడు బారంతా చాటాడు. బారు నడిపే సోమ్‌జిట్ అక్క నవ్వి సుత్తి అందుకుంది.

మూడో దెబ్బకే ఆవిడ మేకు వంగింది. వంగిన మేకు చూస్తే నేనాగగలనా? తిన్నగా చేసిచ్చాను. మళ్ళీ వంగింది, మళ్ళీ చేశాను. చివరికి అది దిగిపోయింది, నాది సగంలోనే నిలబడి చూస్తోంది.

"తమ్ముడూ, నువ్వు నా జట్టని ముందే చెప్పొద్దూ!" అందావిడ. మీవాడు తల పట్టుకున్నాడు.

ఇవాళ పొద్దున్నించీ ఆవిడ బారులో ఊగిపోయే స్టూళ్ళు బిగిస్తున్నాను. ఎనిమిదయ్యాయి, ఇంకో నాలుగున్నాయి.

చిన్నదాని దగ్గు తగ్గిందా? బాతుల్ని చీకటిపడకముందే మూసెయ్యి. నా ఉలి ఎవరడిగినా ఇవ్వకు.

అద్దానికి ఒక్క మేకు కొట్టమని నువ్వు మూడేళ్ళుగా అడుగుతున్న సంగతి నాకు గుర్తుంది. ఈ స్టూళ్ళ కథ మీవాడు ఎలాగూ చెప్పేస్తాడని నేనే ముందు రాస్తున్నాను. రాగానే కొడతాను.

అమ్మకు దండాలు. నేనొచ్చి ఆ మేకు కొట్టేదాకా నా సుత్తి నీకు అందనిచోట దాచమని ఆవిడతో చెప్పు.

ఖాంఫెంగ్