ఖాళీ కుర్చీలో ఇంకా కూర్చున్న అధికారిగారికి

శాశ్వత నిధుల మంజూరు అధికారిగారి సముఖమునకు,

అయ్యా,

విషయం: చూపు, వినికిడి రెండూ లేనివారి కేంద్రానికి ప్రభుత్వం తన వాటా కలిపి ఇస్తానన్న శాశ్వత నిధి గురించి, తమరు ఆ కేంద్రం నుంచి ఇంతవరకు సెలవు తీసుకోకపోవడం గురించి.

నేను ఉన్నత పాఠశాలతో చదువు ఆపినదాన్ని. యాభై ఏళ్లు వచ్చినా ఏ కార్యాలయానికీ ఒక్క ముక్క రాసి ఎరగను. రాయవలసినవి మా ఆయన రాసేవారు, అడగవలసినవి నేను దేవుణ్ణి అడిగేదాన్ని. ఇప్పుడు తమ తనిఖీ నివేదిక నకలు మా కేంద్రానికి వచ్చింది. దాని ఆఖరి వాక్యం ఇది: "లబ్ధిదారులతో ఆప్యాయంగా సంభాషించి, వారి వద్ద సెలవు తీసుకున్నాను." తమరు సెలవు తీసుకోలేదు. అబద్ధానికి ప్రభుత్వ ముద్ర పడ్డాక కూడా నేను నోరు మూసుకుంటే అందులో నాకూ పాలున్నట్టే. అందుకని కలం పట్టాను. నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాదని ఎరిగినవాళ్లంతా అంటారు. ఈ కాగితం అంత మెత్తగా లేకపోతే తమరు మన్నించనక్కరలేదు.

1. తమరు చెయ్యి పట్టుకుని ఫొటో దిగినావిడ మా ఆయనకు అక్కగారు, నాకు వదిన. పుట్టుకతోనే చెవుడు. బధిరుల బడిలో చదువుకుంది, దర్జీ దుకాణంలో కాజాలు కుట్టి బతికింది. ముప్పై దాటాక చూపు అంచుల నుంచి మూసుకుపోతూ వచ్చి, చివరికి పూర్తిగా పోయింది. అప్పటినుంచి ఈ కేంద్రం పెట్టేవరకు ఆవిడకు లోకమంటే నా కుడిచెయ్యి. పొయ్యి దగ్గర నుంచి వచ్చి, చెయ్యి తుడుచుకుని, ఆవిడ అరచేతిలో అక్షరం అక్షరం గీసి "వాన పడుతోంది" అని చెప్పి, మళ్లీ పొయ్యి దగ్గరికి పరుగెత్తేదాన్ని. మా వదినకు మాట లేదు గాని నోరుంది. తిరిగి నా చేతిలో ఇలా రాసేది: "అమ్మాయ్, నీ కబుర్లు చప్పిడి పథ్యంలా ఉంటాయి. పక్కింటివాళ్లు పోట్లాడుకుంటే అది చెప్పవేం?"

2. కేంద్రం అచ్చుయంత్రం ఉన్న ఇంటికి ఆనుకుని, అద్దె మేడలో నడుస్తోంది. యంత్రం ఆడుతుంటే నేల సన్నగా వణుకుతుంది. అది ఆగితే భోజనాల వేళ అని అందరి పాదాలకూ తెలుస్తుంది. అక్కడ చేతిమాట మనుషులని కొందరు ఆడపిల్లలు ఉన్నారు. బయటివాళ్లు చెప్పేది మా వదినలాంటివాళ్ల చేతిలోకి, వీళ్లు చెప్పేది బయటివాళ్ల చెవిలోకి చేర్చడం ఆ అమ్మాయిల పని. ఒక చేతితో ఒక చేతికే చెప్పగలరు. అది వాళ్ల సోమరితనం కాదు, దేవుడి ఏర్పాటు.

అక్కడ రెండు పద్ధతులున్నాయి. ఒకటి, కుర్చీలో కూర్చున్నవాళ్లు కుర్చీ చేతికి తమ తువ్వాలు వేసి ఉంచాలి. తడుముకుంటూ వచ్చినవాళ్లకు తువ్వాలు తగిలితే మనిషి ఉన్నట్టు తెలిసి పక్కకు తప్పుకుంటారు. రెండు, వెళ్లేటప్పుడు ఎదుటివాళ్ల అరచేతిని రెండుసార్లు నిమిరి, తువ్వాలు తీసుకుని లేవాలి. నిమరకుండా వెళ్లిన మనిషి వెళ్లనట్టే లెక్క. ఈ రెండు సంగతులూ తమరికి గుమ్మంలోనే కేంద్రం నడిపే మాస్టారు విన్నవించారు. తమరు "చాలా బాగుంది, చాలా బాగుంది" అన్నారట.

3. ఆ రోజు మా వదిన తమరితో తానే మాట్లాడతానని పట్టుబట్టింది. చేతిమాట అమ్మాయిని పక్కన ఉండమంది. తమరికి వసారాలో పెద్ద కుర్చీ, దాని చేతికి కొత్త తువ్వాలు వేశారు. ఫొటో తీయించుకున్నారు. ఆవిడ తమ అరచేతిలో రాయడం మొదలుపెట్టింది. "అయ్యా, మాకు" వరకు వచ్చింది. అంతలో తమ ఫోను మోగింది. తమరు చెయ్యి లాక్కుని ఆవిడకు ఒక వేలు చూపించి బయటికి నడిచారు. ఇది నేను కల్పించింది కాదు. వంటామె కళ్లారా చూసింది. "ఒక్క నిమిషం అన్నట్టు వేలు చూపించారమ్మా, ఆవిడకి" అని చెప్పింది. చెప్పి తన నోరు తానే మూసుకుంది, నవ్వు ఆపుకోవడానికో, ఏడుపు ఆపుకోవడానికో తెలియదు.

మాస్టారు అప్పుడు తమ గుమాస్తాకు మరుగుదొడ్లు చూపిస్తున్నారు. చేతిమాట అమ్మాయి తమరు మళ్లీ వస్తారనుకుంది. కారు గేటు దాటింది. ఆవిడను ఇంటికి తీసుకెళ్లడానికి నేను వెళ్లేసరికి అచ్చుయంత్రం ఆగి, భోజనాలు అయి, మళ్లీ ఆడుతోంది. మా వదిన కుర్చీ ఎదుట చెయ్యి చాపుకుని అలాగే కూర్చుని ఉంది. పక్కన కంచంలో అన్నం చల్లారిపోయింది. ఆయన వెళ్లిపోయారు వదినా అని రాశాను. ఆవిడ నా చెయ్యి విదిలించింది. కాసేపటికి మళ్లీ పట్టుకుని, "చెప్పకుండా ఎవరైనా వెళ్తారుటే? అరచెయ్యి మాత్రం చెమటగా ఉంది. భయపడ్డాడు పాపం" అంది.

4. అప్పటినుంచి తమరు ఆ కుర్చీలోనే ఉన్నారు. ఈ మాట ఎగతాళికి రాయడం లేదు. కేంద్రంలో కబురు చేతిలోంచి చేతిలోకి పాకుతుంది. అధికారిగారు వచ్చారన్న కబురు అందరికీ అందింది. వెళ్లారన్న కబురు బయలుదేరనే లేదు. తువ్వాలు కుర్చీ మీదే ఉంది. వసారాలో నడిచేవాళ్ల చేతికి అది తగలగానే ఒదిగి, తమరికి దారి ఇచ్చి, గోడవారగా వెళుతున్నారు. వడ్రంగి తాతగారని ఒక పెద్దాయన ఉన్నారు. ఆయన ఆ కుర్చీ ముందు నిలబడి చెయ్యి చాపి, ఎవరూ పట్టుకోకపోతే, పెద్దవారు పనిలో ఉన్నారు కాబోలు అనుకుని వెనక్కి తిరిగిపోతారు. ఒకావిడ తన టీ గ్లాసు తమ కుర్చీ పక్కన పెట్టి వెళ్లింది.

చూడలేక నేను తువ్వాలు తీయబోయాను. మా వదిన నా మణికట్టు పట్టుకుంది. "ఆయన లేచాడా? నాకు చెప్పలేదే" అంది. ఆవిడకు అంతా తెలుసు. తెలిసే పట్టుబట్టింది. తాతగారికి మాత్రం నిజంగా తెలియదు. నేను వెళ్లి, ఆయన వెళ్లిపోయారు తాతగారూ అని రాస్తే, "ఎవరి చేతిలో చెప్పి వెళ్లారమ్మా?" అని అడిగారు. దీనికి జవాబు తమ దగ్గర ఉంటే తెలియజేయగోరుతున్నాను.

5. ఇక నిధి. దాతలు సగం పోగుచేస్తే ప్రభుత్వం మరో సగం కలుపుతుంది, అసలు మొత్తాన్ని ఎవరూ ముట్టరు, వడ్డీతో కేంద్రం కలకాలం నడుస్తుంది అని చెప్పింది తమ శాఖే. దాతల సగం నిండింది. ఇప్పుడు తమ నివేదికలో, వడ్డీని స్థిరమైన ఆస్తులకు మాత్రమే వాడవలెననీ, చేతిమాట మనుషుల జీతాలు ఆస్తి కిందికి రావనీ రాశారు. వారికి బదులు ఒక సమావేశ మందిరం, అందులో మైకు, పెద్ద తెర పెట్టుకోమన్నారు. "ఒకరు మైకులో చెప్పిన అందరికీ ఒకేసారి చేరును, సిబ్బంది తగ్గును" అన్నారు.

అయ్యా, ఈ వాక్యం నేను చాలాసార్లు చదివాను. ఎక్కడైనా నాకే అర్థం కాలేదేమో అని మాస్టారికి చూపించాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మా వదిన చేతిలో రాస్తే ఆవిడ భుజాలు కదిలేలా నవ్వి, "తెర ఎంత పెద్దదో అడుగు. చిన్నదైతే నాకు కనపడదు" అంది.

చేతిమాట అమ్మాయిలు జీతం లేకుండా కొంతకాలంగా పనిచేస్తున్నారు. వాళ్లకూ ఇళ్లున్నాయి. నెలాఖరుకు వెళ్లిపోతామని కళ్లనీళ్లతో చెప్పారు. వాళ్లు వెళ్లిన మర్నాటినుంచి ఆ మేడలో ఇంతమంది మనుషులుంటారు, మాట ఉండదు.

6. ఈ నివేదిక మార్పించమని తమ కార్యాలయానికి వెళితే లబ్ధిదారు స్వయంగా రావాలన్నారు. మా వదినను బస్సులో తీసుకువచ్చాను. బస్సు దిగినచోటే పెద్ద బోర్డు. దాని మీద తమరు, తమ చేతిలో మా వదిన చెయ్యి, కింద 'చేయూత' అన్న అక్షరాలు. ఆవిడ బోర్డు స్తంభానికే చెయ్యి ఆనించి నిలబడి, ఎందుకు ఆగామని అడిగింది. కాళ్లు నొప్పిగా ఉన్నాయని రాశాను. దేవుడు క్షమించాలి.

కౌంటరు దగ్గర అద్దం, కింద కాగితాలు తోసే సందు. గుమాస్తా మా వదినను పేరేమిటని బిగ్గరగా అడిగాడు. ఆవిడకు వినపడదు బాబూ అన్నాను. కాగితం మీద రాసి అద్దానికి ఆనించాడు. కనపడదు కూడా అన్నాను. అతనికి విసుగు వచ్చింది. "వినరు, చూడరు అంటే ఎలాగమ్మా? ఏదో ఒకటి చెయ్యాలి కదా మరి?" అన్నాడు.

అప్పుడు మా వదిన అద్దాన్ని తడిమి, సందు కనిపెట్టి, అందులోంచి చెయ్యి లోపలికి పెట్టింది, అరచెయ్యి పైకి. ఆ చేతిలో ఏదైనా రాయమన్నాను. అతను అటూ ఇటూ చూసి, అందులో ఒక టోకెను పెట్టాడు. ఆవిడ దాన్ని వేళ్లతో తిప్పి చూసి, "నిధి ఇచ్చేశారా? మరీ తేలిగ్గా ఉందేమిటే" అంది. మా వంతు వచ్చాక అదే గుమాస్తా ఫైలు తెరిచి, "అయ్యగారు వచ్చారు, విన్నారు, సెలవు తీసుకున్నారు అని ఉందమ్మా. విన్నాక ఇక చెప్పేదేముంది?" అని ఫైలు మూశాడు. ఆ ఒక్క అబద్ధం మీద మా ఫైలు మూసుకుంది. సెలవు తీసుకోలేదని నేను ఇంత గొంతు చించుకోవడం అందుకే.

7. కావున కోరేది:

(అ) నిధి వడ్డీని చేతిమాట మనుషుల జీతాలకు వాడుకోనివ్వాలి. ఆ ఇంట్లో అంతకంటే స్థిరమైన ఆస్తి లేదు.

(ఆ) తమరు నెలాఖరులోగా కేంద్రానికి వచ్చి, తమ కుర్చీలో కూర్చుని, మా వదినకు చెయ్యి ఇవ్వాలి. "అయ్యా, మాకు" దగ్గర ఆగిన వాక్యం ఆవిడ పూర్తిచేసేదాకా ఆ చెయ్యి కదలకూడదు. కెమెరా అక్కరలేదు.

(ఇ) నిధి ఇవ్వనంటే ఇవ్వనని తమ వేలితోనే ఆవిడ అరచేతిలో రాయాలి. ఆ తరువాత రెండుసార్లు నిమిరి, తువ్వాలు తీసుకుని, లేచి వెళ్లాలి. కాదన్నా మేము భరించగలం. చెప్పాపెట్టకుండా వెళ్లడమే భరించలేకపోతున్నాం.

తమరి కోసం నేను రోజూ ప్రార్థన చేస్తున్నాను. అందులో తమకు ఏమి జరగాలని కోరుతున్నానో ఇక్కడ రాయను. అది నాకూ దేవుడికీ మధ్య విషయం.

దీన్ని చిత్తగించమని బతిమాలడం లేదు. చెయ్యి చాపమంటున్నాను. తమరు సెలవు తీసుకునేవరకు విధేయురాలినని రాయడానికి నాకు మనసొప్పడం లేదు.

ఇట్లు,
ఆవిడ మరదలు

తా.క. చేతిమాట మనుషులు లేకపోతే ఇంకో దారి లేదా, ఇంటి మనుషులు చెప్పలేరా అని తమరు అడగవచ్చు. అందుకే ఇది రాస్తున్నాను. నా కుడిచేతి వేళ్లు బిగుసుకుపోతున్నాయి. ఈ వ్యాధికి వెనక్కి తిరగడం ఉండదని డాక్టరు చెప్పారు. ఈ కాగితాలు రాయడానికే వారం పట్టింది. నా గొంతు పోయినా ఎవరికీ లోటు లేదు. ఈ వేళ్లు పోతే, ఆ అమ్మాయిలు కూడా లేకపోతే, మా వదినతో మాట్లాడే చెయ్యి ఇంట్లో ఉండదు. మా ఆయన ఇప్పుడు లేరు.

ఈ సంగతి నేను వదినకు చెప్పలేదు. కనుక ఈ తా.క. మాత్రం ఫైలులో దాచండి, ఎవరికీ చూపించకండి. కేంద్రం కమిటీకి చూపిస్తే మాస్టారికి తెలుస్తుంది, ఆ మేడలో ఏ కబురైనా సాయంత్రానికి ఆవిడ చేతిలోకి వచ్చేస్తుంది. ఆవిడ జన్మలో ఓర్పన్నది ఎరగదు. సగం అక్షరం గీయగానే తక్కినది తానే ఊహించి, "తెలిసింది, తరువాత?" అని నా చెయ్యి తోసేసే మనిషి.

నిన్న సాయంత్రం నేను ఆవిడ అరచేతిలో ఏదో రాస్తూ మధ్యలో ఆగిపోయాను. ఆవిడ చెయ్యి తీయలేదు. నా వేళ్లను రెండో చేత్తో కప్పి కాసేపు ఉంచింది. తరువాత, "మెల్లగా చెప్పు అమ్మాయ్, నాకేం తొందర లేదు" అని రాసింది.