మంచు నిన్ను దించే దాకా

రఘూ,

నువ్వు గ్రీన్‌లాండ్ కొండల్లో మంచు పగులులో పడిపోయి ఈరోజుకు ఏడాది.

నీతో కలిసి అక్కడి పేరులేని శిఖరాల పటం గీసిన వాజిద్ ఈ మధ్యాహ్నం మెల్‌బోర్న్‌లో దిగి, నేరుగా టార్నీట్‌లో మనింటికే వచ్చాడు. మీ జట్టువాళ్లు మళ్లీ వెళ్లి నీకోసం వెతికారట. ఆ పగులు మూసుకుపోయిందట.

"మాతోని కాలే భాబీ. ఆ మంచు మెల్లగ కిందికి జారుతనే ఉంటది. ఎప్పటికో అదే రఘును సముద్రం ఒడ్డుకు తెస్తది" అన్నాడు.

"ఎప్పటికి?"

"పాపకు మనవలు పుట్టేసరికేమో."

తలుపు దగ్గర నిలబడి విన్న మన పాప, అతను వెళ్లిపోయాక నా దగ్గరికి వచ్చింది.

"మమ్, విల్ డాడీ రికగ్నైజ్ మీ?"

దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, బాగానే ఉన్న జడను విప్పి మళ్లీ అల్లాను.