కన్ను లేని నెమలి

సూళ్లూరుపేట

అమ్మా, నేనీడ బాగుండాను.

ఈ నెల మూడు సినిమాలు చూసినా. మొదటిదాంట్లో కొట్టుకునేది తప్ప కతే లేదు. రెండోది ఇంటర్వెల్‌దాకా పరవాలేదు. మూడోది సుమారే గానీ, పెండ్లి సీన్లో హీరో ఎనకాల నువ్వేసిన కలంకారీ తెర కట్టుండారు. తొందరలో ఒక నెమలికి కన్ను పెట్టకుండానే అమ్మేస్తిమని వారం రోజులు బాధపడితివే, ఆ నెమలిని చూసే గుర్తుపట్టినా.

నాయన మోకాలినొప్పి తగ్గిందా? చింతకాయ తొక్కు తీసిపెట్టు. శనివారం వస్తా, కాళాస్త్రిలోనే ఆ సినిమాకి పోదాం. నువ్వు హీరోని చూడొద్దు, ఎనకాల చూడు.

ఆఖర్న ఏసే పేర్లల్లో నీ పేరు లేదు. అందుకే హాల్లో ముందు వరసకీ ఎనక వరసకీ నేనే చెప్పినా, అది మా అమ్మ ఏసిందని.

నాయనకు దండాలు.

నీ కొడుకు
రవిచంద్ర