తేలిక మాటల కార్డు

డిగ్బోయి, అస్సాం. 1949 ఆగస్టు.

చి.సౌ. ఆండాలుకు నీ పెనిమిటి ఈదయ్య దీవెనలు. నేను బాగున్నాను.

"గ్యాసుబావి కాడ పని జేస్తున్నవ్ గదా, ఒక డబ్బ గ్యాసునూనె పంపరాదు?" అని రాయించావు. పిచ్చిదానా, ఇది దీపంలో పోసే నూనె కాదు, గాలి! భూమి అడుగునుంచి రాతిలో దూరుకుంటూ పైకొస్తుంది. అడుగున ఒక సీసా, పైన ఒక సీసా గాలి పట్టి చూస్తాం. రెండూ ఒకటి కావు. తేలికది ముందొస్తుంది, బరువైంది రాతిలో వెనకబడుతుంది.

బర్రె ఈనిందా? అమ్మకు దగ్గు తగ్గకుంటే కోదాడ దవాఖానలో చూపించు. ఆమెకు నా దండాలు చెప్పు.

ఈ కార్డు దారిలో అందరూ చదువుతారు, చివరికి చిలుకూరు పంతులు నీకు చదివి వినిపిస్తాడు. అందుకే తేలిక మాటలే రాశాను. బరువైనవి నా దగ్గరే ఆగిపోయాయి. సెలవు దొరికిననాడు నేనే మోసుకొస్తాను.

ఈదయ్య