మూడో బేస్ దగ్గరి మట్టి

కాలేజీ ఆటల అధికారి హాల్వర్సన్ గారికి,

బేస్‌బాల్ మైదానం తవ్వించి ప్లాస్టిక్ గడ్డి పరిపిస్తున్నందుకు మీతో పోట్లాడదామనే మొదలుపెట్టాను. ప్రజల నేల ప్రజలదేనని, నేను చదివిన కరపత్రాల ధోరణిలో నాలుగు పేజీలు రాసి చించేశాను. అడగాల్సింది వేరే ఉంది.

వేసవి లీగ్ ఆడటానికి వచ్చే కుర్రాళ్లు మా ఊరి ఇళ్లల్లోనే ఉంటారని మీకు తెలుసు. మా ఇంట్లో దిగినవాళ్లందరికీ మా అమ్మే అమ్మ. "తినకుండా ఆటకెళ్లారో, మీ బ్యాట్లు పొయ్యిలో పెడతా వెధవల్లారా!" అని అరిచేది. తరవాత వాళ్లకన్నా ముందే వెళ్లి కుర్రాళ్లు పరుగెత్తుతూ చివరగా ఆగే మూడో బేస్ వెనక కంచె దగ్గర కూర్చునేది. కిందటేడు ఆవిడ పోయింది. కోరినట్టే ఆవిడ బూడిదను ఆ కుర్రాళ్లూ నేనూ మూడో బేస్ పక్కన ఎర్రమట్టిలో కలిపి చదును చేశాం. మీరు కాదంటారని మిమ్మల్ని అడగలేదు.

నిన్న వెళ్తే అక్కడ గొయ్యి ఉంది. మట్టి ఎటు పోయిందని లారీ డ్రైవర్‌ని అడిగాను.

"మట్టికి అడ్రసేంటి తమ్ముడూ? పల్లం కనబడ్డ చోటల్లా పోశాం" అని నవ్వాడు. అతని చొక్కా పట్టుకున్నాను. అతనికేం తెలుసు పాపం, నా తరఫున క్షమించమనండి.

కొత్త మైదానంలో వాన పడ్డా ఆట ఆగదట. అమ్మ ఉంటే ముందు ఆవిడే చప్పట్లు కొట్టేది. ఆ మట్టి ఎక్కడ పోశారో మాత్రం కనుక్కుని చెప్పండి. ఒక్క బకెట్ చాలు. అందులో అమ్మ ఎక్కడుందో ఇప్పుడు నాకూ తెలియదు, ఎక్కణ్ణుంచి తీసినా ఫర్వాలేదు.

ఇట్లు,
ఆవిడ కొడుకు