రెండంగుళాలకు మించరాదు

కోనసీమ జిల్లా రాజోలు మండలం, కాలవగట్టు వీధిలో ఉంటూ కొబ్బరి, వరి సేద్యం చేసుకునే గంగబాబు అనే నేను, అరవై నాలుగేళ్ల వయసులో, మనసు స్థిమితంగా, మతి తిన్నగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో రాస్తున్న వీలునామా ఇది. వచ్చే సోమవారం కాకినాడలో నా గుండెకు ఆపరేషన్. భయం లేదని డాక్టరుగారు మూడుసార్లు అన్నారు. అందుకే రాస్తున్నాను.

1. ఇంతకుముందు నేను రాసిన వీలునామా ఏదైనా ఉంటే అది చెల్లదు. దీన్ని అమలు జరిపే బాధ్యత నా స్నేహితుడు, రిటైరైన హెడ్మాస్టరు సత్యదుర్గారావుకు అప్పగిస్తున్నాను. ఆయన పేకాటలో మోసం చేస్తాడు గానీ కాగితం మీద చెయ్యడు.

2. ఇల్లు, ఎకరం ముప్పావు కొబ్బరితోట నా భార్య కాంతం జీవితాంతం అనుభవించాలి. ఆమె తరువాత మా అమ్మాయి మమతకూ, అబ్బాయి ఆదిత్యకూ సమానంగా చెందాలి. తోట తూర్పు హద్దులో పక్క రైతు జనార్దన్ నా గట్టు మీద నాటిన మూడు చెట్లు నావేనని ఇప్పటికీ అంటాను. అయినా కాయలు అతన్నే కోసుకోనివ్వండి.

3. కాంతం ఎడమచెయ్యి భుజం దాటి పైకి లేవదు. పదిహేను నెలలుగా రోజూ పొద్దున్న ఆమెకు జడ నేనే వేస్తున్నాను. నా తరువాత ఆ పని పక్క వీధిలో ఉన్న మమత చెయ్యాలి. పాయలు బిగించి లాగకూడదు. నొప్పెట్టినా ఆవిడ చెప్పదు.

4. నా పికప్ బండి, దాని పైకప్పు మీది టెంటు, నీళ్ల డ్రమ్ము, గ్యాసు పొయ్యి, నాలుగు మడతకుర్చీలు ఆదిత్యకు చెందాలి. ఈ బండేసుకుని గోదావరి లంకల్లో ఇసుక మీదా, మారేడుమిల్లి అడవిలోనూ ఎన్నోసార్లు బస చేశాం. నేను సుఖపడ్డ రోజులంటే అవే. అయితే ఒక షరతు. కంపెనీ ఇచ్చిన ఎత్తు కంటే బండిని రెండంగుళాలకు మించి లేపరాదు. లేపిన మరుక్షణం అతని హక్కు రద్దయి బండి మమతకు పోతుంది.

5. కారణం రాయకపోతే ఆదిత్య దీన్ని ముసలాడి చాదస్తం అంటాడు కాబట్టి రాస్తున్నాను. వరద తీశాక కొబ్బరి మొదళ్ల మీద మట్టి మరక మిగులుతుంది. ఇంటి అరుగు వేసినా, మోటారు దిమ్మ కట్టినా, పశువుల పాక మెరక చేసినా ఆ మరక చూసి, దానికి జానెడు కలిపి ఎత్తడం మా అలవాటు. బండి విషయంలోనూ అదే చేశాను. లంకకు వెళ్లే కాజ్‌వే పక్క చెట్టు మీద మరక కొలిచి, బండిని పైకి లేపడానికి నాలుగంగుళాల లిఫ్టు కావాలని తేల్చాను. మెకానిక్ అబ్రహాము వద్దన్నాడు. "అరుగు కదలదు కాబట్టి ఎంతైనా ఎత్తొచ్చండి. బండి కదులుద్ది కదండీ. పైన టెంటు, నీళ్ల డ్రమ్ము పెడతారాయె, గట్టు మీద ఒరిగిపోద్దండి. రెండంగుళాలు చాలండి బాబూ" అన్నాడు. నాకు పాఠాలు చెప్పకు, వెయ్యి అన్నాను. వేశాడు.

2024 కార్తీకంలో లంకకు వెళుతుంటే కాలవ గట్టు మీద కొబ్బరికాయల ట్రాక్టరు ఎదురొచ్చింది. పక్కకు తీశాను. ఎడమ చక్రాలు మెత్తటి అంచులో దిగాయి. పాత ఎత్తే ఉంటే బండి వంగి ఆగేది. లేపిన ఎత్తుకు ఆగలేదు; మాకు తెలిసేంత నెమ్మదిగా ఒరిగి, కాంతం కూర్చున్న వైపే కాలవలో పడింది. కాంతం ఎప్పుడూ నన్ను పేరు పెట్టి పిలవదు. ఆ రోజు పిలిచింది.

ఏమైందని జనం అడిగితే, అబ్రహాము బోల్టులు సరిగ్గా బిగించలేదని చెప్పాను. అది పచ్చి అబద్ధం. బోల్టులు ఈ రోజుకీ బిగువుగానే ఉన్నాయి, నేనే స్పానరు పెట్టి చూశాను. ఊరు నా మాట నమ్మింది. అతని షెడ్డుకు బళ్లు రావడం తగ్గింది. అతను నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఎదురైతే నమస్కారం పెడుతున్నాడు. ఆ నమస్కారం నేను భరించలేకపోతున్నాను.

6. నా అబద్ధాన్ని అందరికంటే గట్టిగా నమ్మినవాడు నా కొడుకే. తప్పు ఎత్తులో లేదు, బిగింపులో ఉందని వాడి నమ్మకం. అందుకని ఎల్లుండి శనివారం రాజమండ్రిలో పెద్ద వర్క్‌షాపులో ఇదే బండికి ఆరంగుళాల లిఫ్టు వేయిస్తున్నాడు. వేసవిలో పెళ్లాం బిడ్డలతో మారేడుమిల్లి ఘాటు ఎక్కుతాడట. అక్కడ ఒరిగితే కింద కాలవ ఉండదు.

7. ఇక్కడిదాకా రాసి ఆగిపోయాను. వీలునామా నేను పోయాకే తెరుస్తారు. బతికి బట్టకడితే ఇంకో పదేళ్లు బీరువాలోనే ఉంటుంది. లిఫ్టు ఎల్లుండి. బతికున్నన్నాళ్లూ పరువు కాపాడుకుందామనే నిజాన్ని ఈ కాగితంలో దాచబోయాను. సిగ్గుగా ఉంది. కాబట్టి ఈ సాయంత్రమే ఇంట్లోవాళ్లనూ, సత్యదుర్గారావునూ కూర్చోబెట్టి, అబ్రహామును, జనార్దన్‌ను సాక్షులుగా పిలిపించి, మొత్తం నేనే పైకి చదువుతాను. సాక్షికి ఆస్తి రాయడం మంచిది కాదని ప్లీడరుగారి సలహా, కనుక అబ్రహాముకు ఏమీ రాయలేదు, జనార్దన్‌కూ కాయలే తప్ప చెట్లు రాయలేదు.

8. చదివిన తరువాత చేర్చినది. ఆదిత్య ఫోను పట్టుకుని బయటికి వెళ్లి బుకింగు రద్దు చేసి వచ్చాడు. నా వైపు చూడలేదు. కాంతం లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది, ఇంకా రాలేదు. పెన్ను ఇస్తే అబ్రహాముగారు తీసుకోలేదు. "ముందు బండి తాళం ఇవ్వండి. రెండంగుళాలకి దింపేకే పెడతానండి సంతకం. చెయ్యనిదానికి నా పేరు పడడం ఒకసారి చాలండి" అన్నారు. తాళం ఇచ్చాను.

9. మర్నాడు ఉదయం. బండి వచ్చింది. ఆదిత్య టేపు పెట్టి కొలిచాడు. రెండంగుళాలు.

తేదీ: 13 ఫిబ్రవరి 2026, రాజోలు.

(సంతకం) గంగబాబు

సాక్షులు:
1. అబ్రహాము, మెకానిక్
2. జనార్దన్, రైతు